మా ఇంటి చెయ్యి లేవలేదు

నమోదు 112. బయోగ్యాస్

సంచి ఈ రోజు నాయిన నడుము దగ్గర ఉంది. పోయిన వారం భుజం దగ్గర ఉండేది.

కడుపు దగ్గర పనిచేసేవాళ్లు రోజూ లెక్క పెట్టాలన్నది మా బాయి పద్ధతి. నాకంటే ముందు చేసినవాళ్లకు రాయడం రాదు. గోడ మీద సుద్దతో గీతలు గీసి వదిలేశారు. మా ఇంట్లో అక్షరాలు వచ్చిన మొదటి మనిషిని నేను కాబట్టి కాగితం మీద రాస్తున్నాను. నా తర్వాత ఎవరు వస్తారో తెలియదు. వాళ్లకు అర్థమయ్యేలా మొదటి నుంచీ చెబుతాను.

మా బాయి ఒక పాత బొగ్గు గని, పై ఎండకు బతకలేక అందరం దీంట్లోనే ఉంటున్నాం. రెండో లెవల్ చివర, ఒకప్పుడు బొగ్గు తీసిన గదిలో, ఒక పెద్ద సిమెంటు తొట్టి ఉంది. దాన్నే కడుపు అంటాం. బాయిలో అందరి మరుగుదొడ్లూ దాంట్లోకే దిగుతాయి. మేకల పెంటికలు, వంట తుక్కు, ఆఖరికి చనిపోయిన మనుషులు కూడా అందులోకే. లోపల పుట్టిన గ్యాసు పక్కనున్న రబ్బరు సంచిలో నిండుతుంది. ఆ గ్యాసుతో పొయ్యిలు మండుతాయి, ఇంజన్ నడుస్తుంది. ఇంజన్ పంకాను తిప్పుతుంది. పంకా తిరిగితేనే పై గాలి కిందికి వస్తుంది.

సంచి ఎత్తును చక్రం తిప్పే మనిషి ఒంటితో కొలుస్తాం. కడుపులో ఉన్నదాన్ని కలియబెట్టేది ఆ చక్రం, దాన్ని తిప్పేది మా నాయిన ఓదెలు. ఆయన సంచి పక్కన నిటారుగా నిలబడతాడు. తల దాకా ఉంటే నిండుగా ఉన్నట్టు. మోకాలి కిందికి దిగితే పంకా ఆపేయాలి.

ప్రతి నమోదుకూ పైన ఒక మాట పెట్టడం జేకబ్ సార్ నేర్పిన అలవాటు. పొరుగున ఉన్న పెద్ద బాయి బడిలో ఆయన మాకు చదువు చెప్పారు. ఆ రోజు ఏ మాటతో పనిపడిందో ఆ మాట పైన రాయమనేవారు. మా పనిలో మాటలు చాలావరకు ఒకే ఇంటివి. ఇంటి పేరు బియోస్, గ్రీకు మాట. "ప్రాణం అని రాసుకోకండి, బతుకు అని రాసుకోండి" అనేవారు సార్. "ప్రాణం ఒక్క మనిషిది. బతుకులో పని ఉంటుంది, తిండి ఉంటుంది, పక్కింటివాళ్లు ఉంటారు."

చక్రానికి ఒక ఊచ విరిగి ఉంది. అది ఈ రోజు నాయిన మోకాలి కింద ముంగాలికి గీసుకుంది. రక్తం పెద్దగా రాలేదు. బొగ్గుపొడి అద్దుకుని మళ్లీ తిప్పాడు.

నమోదు 115. అనెరోబిక్

వంట లెవల్‌లో పొయ్యిలు పసుపుపచ్చగా మండుతున్నాయి. నీలంగా మండాలి. నేను ముద్ద కుండలు తీసుకోవడానికి వెళ్లేసరికి ఎల్లక్క నా కోసమే చూస్తోంది. ఆమె మా పక్కనున్న మూడో వరస ఇళ్ల వంటలకు పెద్ద.

"ఓ సదువుకున్న పిల్లా, గీ మంట మీద జొన్నలు ఉడికేటాళ్లకు మా ఆయన పండ్లన్ని రాలిపోతయి. ఇగ వండి ఏం ఫాయిదా?"

అందరూ నవ్వారు. నేను కుండలు సర్దుకుంటున్నాను. తినబోయే ముందు ప్రతి మనిషీ తొలి ముద్ద తీసి వరస కుండలో వేయడం మా ఆచారం. ఆ ముద్ద కడుపుకు. చంటిపిల్లల పేరున తల్లులు వేస్తారు. ఎవరూ మరిచిపోరు.

"మూత తీసి చూడరాదే, లోపలేమయిందో," అంది ఎల్లక్క.

"తీయొద్దు. గాలి తగిలితే లోపలియి సచ్చిపోతయి."

"గాలి తగిలితే సచ్చేటియి ఏం పురుగులే అవి?"

"పురుగులు గాదక్కా. కంటికి కనబడయి. అనెరోబిక్ అంటరు. గాలి లేకుంట బతికేటియి."

"గాలి లేకుంట బతుకుడా? గా ఇకమతేందో మనకు జెర నేర్పియ్యమను. ఈ పంకా బాధ తప్పుతది."

మళ్లీ నవ్వారు. తర్వాత ఎల్లక్క గొంతు తగ్గించింది. "నిజం చెప్పు. సచ్చిపోతున్నయా?"

"సావలే. సుస్తి చేసినట్టున్నది. అవి గూడ మన లెక్కనే. వాటికీ జొరం అసొంటిది వస్తది."

నాయిన కొంచెం దూరంలో గోడకు ఆనుకుని కాలు చాపుకుని కూర్చున్నాడు. నేను చదువుకున్న మాటలు నలుగురిలో చెబుతుంటే వినడం ఆయనకు ఇష్టం. వింటున్నాడు. ముంగాలు వాచింది.

సంచి నడుముకు బెత్తెడు కింద.

నమోదు 118. యాంటీబయాటిక్

ఈ ఎండాకాలం బాయిలో పుండ్ల జబ్బు తిరుగుతోంది. చిన్న గీత పడినా చీము పడుతోంది. నాయినను డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాను. ఆమె పేరు ఫరీదా. పాత దీపాల గదిలో ఆమె దవాఖానా. పెద్ద బాయి నుంచి వచ్చిన మందు డబ్బాను మెడలోని తాళంచెవితో తెరిచి, ఎరుపు తెలుపు మాత్రలు పొట్లం కట్టి ఇచ్చింది.

"ఓదెలన్నా, పొద్దున ఒకటి, రాత్రి ఒకటి. నొప్పి తగ్గిందని మధ్యల బంద్ చేయొద్దు. మొత్తం మింగాలె. సమజయిందా?"

"అయింది డాక్టరమ్మా. మా పోరి ఉన్నది గద, యాదికి చేస్తది."

"గీ మాత్రలేం చేస్తయి బిడ్డా?" అని నన్ను అడిగాడు.

"చీముల ఉండే సూక్ష్మజీవులను సంపుతయి."

"అంటే సుస్తికి మందు."

"అవును."

నేను అంతవరకే చెప్పాను. డాక్టరమ్మను పక్కకు పిలిచి, జబ్బువాళ్ల మూత్రంలో కొంత మందు దిగుతుంది కదా, దానివల్ల కడుపు మందగించిందా అని అడిగాను. కొంత ఉండవచ్చు, అంత పెద్ద తొట్టి ఆ మాత్రానికి తట్టుకోవాలి అంది. నా లెక్క కూడా అదే. మందగించాలి. ఇంకా పడిపోకూడదు.

సంచి తొడ దగ్గర.

నమోదు 121.

ఈ రోజు పైన రాయడానికి మాట లేదు. మధ్యాహ్నం పంకా వేగం సగానికి తగ్గించాం. అందరూ చాపలు తీసేసి వట్టి నేల మీద పడుకున్నారు. పిల్లలు కూడా ఏడవలేదు. అమ్మ ముద్ద కలిపింది. ముగ్గురం తొలి ముద్ద వేశాం, మిగిలింది తిన్నాం. రుచి గుర్తు లేదు.

నమోదు 122. బయోఅస్సే

సర్దార్ పోచమల్లు అందరినీ దీపాల గది ముందుకు పిలిచాడు. బాయి మంచిచెడ్డలు చూసేది ఆయనే. కూర్చోకుండా నిలబడే మాట్లాడాడు.

"సంచి మోకాలు దిగితే పంకా బంద్. పంకా బందయితే ఈడ ఉండలేం. ముసలోళ్లను, పసిపోరలను పట్టుకోని పైకి పోవాలె. పైన ఎండ ఎట్లున్నదో మీకు నేను చెప్పేదేం లేదు."

ఎవరో మూత తీసి ఉంటారని ఒకరు అన్నారు. సబ్బునీళ్లు పోసి ఉంటారని ఇంకొకరు అన్నారు. మేకల వరసవాళ్ల మీద అనుమానం మేకల వరస పక్కన ఉండేవాళ్లకే వచ్చింది. కాసేపు ఎవరి మాట ఎవరికీ వినపడలేదు.

"సారక్కా, నువ్వేమంటవ్?" అని సర్దార్ నన్ను అడిగాడు.

"కడుపులకు పోయేటియి అన్ని వేరువేరుగ చూస్త. ఏది సంపుతున్నదో తేలుతది."

"ఎట్ల చూస్తవ్?"

"మేక పెంటికలల్ల గూడ అవే జీవులుంటయి. కొత్త పెంటికలు నీళ్లల్ల కలిపి సీసాలల్ల పోస్త. ఒక్కొక్క సీసల ఒక్కొక్కటి వేస్త. మూతికి డాక్టరమ్మ రబ్బరు తొడుగు కడుత, చేతులకు తొడుక్కునేది. లోపల మంచిగుంటె గ్యాస్ వచ్చి తొడుగు లేస్తది. లేవకపోతే ఆ సీసల ఏసిందే మనకు శత్రువు."

"దీనికి గూడ ఏదో పేరుంటది నీకాడ," అంది ఎల్లక్క.

"ఉన్నది. బయోఅస్సే. బతికున్నదాన్నే సాక్ష్యం అడుగుడు."

"అయితే అడుగు," అన్నాడు సర్దార్. "జెల్ది అడుగు."

మరుగుదొడ్ల కాలువల నుంచి, మేకల కొట్టం నుంచి, వంట తుక్కు నుంచి, ప్రతి వరస ముద్ద కుండ నుంచి కొంచెం కొంచెం తీసుకున్నాను. మా వరసలో మాత్రం ఇళ్ల వారీగా తీశాను. దగ్గర కాబట్టి పని సులువు. సీసాలన్నీ కడుపు గదిలో బల్ల మీద పెట్టాను. తొడుగులు అన్నీ మూతుల మీద వేలాడుతున్నాయి.

నమోదు 126. బయోఅస్సే

ఈ ఉదయం కడుపు గదిలోకి వెళ్లేసరికి బల్ల మీద చేతులు లేచి ఉన్నాయి. తెల్లటి చేతులు, ఐదు వేళ్లూ విప్పుకుని. బడిలో సార్ ప్రశ్న అడిగినప్పుడు లేచినట్టు.

మేకల కొట్టం చెయ్యి లేచింది. వంట తుక్కు చెయ్యి లేచింది. మరుగుదొడ్ల చేతులు సగం లేచాయి, వేళ్లు వంగి ఉన్నాయి. అది మూత్రంలో దిగిన మందు. డాక్టరమ్మా నేనూ అనుకున్నంతే.

ముద్ద కుండల చేతులు కొన్ని లేవలేదు. అన్నంలో, జొన్న సంగటిలో చంపేది ఏముంటుంది? మళ్లీ చూశాను. లేవనివన్నీ పుండ్ల జబ్బు ఉన్న వరసలవి. మా వరసలో ఇళ్ల వారీగా కట్టిన వాటిలో ఒకే ఒక్కటి లేవలేదు. అసలు కదలనే లేదు. తడిబట్టలా సీసాకు అతుక్కుని ఉంది. సీసా మీద రాసిన ఇంటి పేరు చదివాను. రాసింది నేనే.

రాత్రి అన్నాల వేళకు ఇంటికి వెళ్లాను. అమ్మ కనకవ్వ సంగటి పెట్టింది. నాయిన తొలి ముద్ద తీసుకున్నాడు. నడుము దగ్గరి పొట్లం విప్పి, ఒక మాత్ర తీసి ముద్ద మధ్యలో పెట్టి, చుట్టూ వేళ్లతో మూసి గుండ్రంగా చేశాడు. పసిపిల్లలకు చేదు మందు అలాగే పెడతారు. కుండలో వేయబోతుంటే చెయ్యి పట్టుకున్నాను.

"ఏందే?" అన్నాడు.

"ఎప్పటిసంది ఏస్తున్నవ్?"

"మాత్రలు ఇచ్చినకాడికెళ్లి. పొద్దుటిది నేను మింగుత, రాత్రిది దీనికి పెడుత. సగం సగం."

"ఎందుకు?"

ఆయన నా వైపు వింతగా చూశాడు. నేను అడగకూడనిది అడిగినట్టు.

"నువ్వే అన్నవ్ గద బిడ్డా. దానికి గూడ జొరం వస్తదని. మనకు జొరమొస్తే మాత్ర మింగుతం. దానికి ఎవరిస్తరు? అది మనకు ఇన్నేండ్లసంది పెడుతున్నది."

అమ్మ అంది: "మీ నాయినొక్కడేనా? ఎల్లక్క ఏస్తున్నది. ఎల్లక్క కోడలు ఏస్తున్నది. సుస్తి ఉన్నోళ్లందరు ఏస్తున్నరు. మొదలు నీకు చెప్దామనుకున్నం. గింత చిన్న పనికి మెచ్చుకోలు ఎందుకని మీ నాయిన వద్దన్నడు."

నేను ముద్దలోంచి మాత్ర తీసి పొట్లంలో వేశాను. నాయినకు చెప్పాను. పుండులో ఉన్నవీ కడుపులో ఉన్నవీ ఒకే తీరు జీవులని, మాత్రకు మంచీ చెడూ తెలియదని. యాంటీ అంటే ఎదురు. బతుకుకు ఎదురు. మనకు పనికివచ్చే బతుకుకు కూడా.

ఆయన విన్నాడు. సంగటి మీద ఈగ వాలింది. తోలలేదు.

"అయితే నేనే సంపిన్నా?" అన్నాడు.

"అందరు కలిసి."

"మొదలుపెట్టింది నేనే. నన్ను చూసి అందరు ఏసిన్రు."

అమ్మ చెంబుతో నీళ్లు ఇచ్చింది. చేయి కడుక్కున్నాడు. తినలేదు.

సంచి మోకాలికి నాలుగు వేళ్ల పైన.

నమోదు 127.

సర్దార్‌తో మాట్లాడి ఒక నియమం పెట్టాం. పెట్టమని అడిగింది నేను. మందు మింగేవాళ్లు ముద్ద వేయకూడదు. వాళ్ల మలమూత్రాలు వేరే బకెట్లలో పట్టి, పొద్దు వాలాక పైకి మోసి పారబోయాలి. మందు పడిన ఒళ్లు కడుపులోకి పోకూడదు. చనిపోయినా సరే.

మా బాయిలో అందరి తాతముత్తాతలూ కడుపులోకే వెళ్లారు. వాళ్ల పేర్లు కడుపు గది బొగ్గు గోడ మీద చెక్కి ఉన్నాయి. మనిషి వెళ్లిన రోజు సాయంత్రం అన్నిటికంటే మొదట ఆ ఇంటి పొయ్యి వెలిగిస్తారు. దాచిన వరి బియ్యం వండుతారు. బాయి మొత్తం ఒక్కో ముద్ద తింటుంది. పైన మట్టిలో పూడ్చడం మావాళ్లలో ఎవరికీ జరగలేదు.

ఎల్లక్క ముఖానికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆమె కోడలికి పుండ్లు ఉన్నాయి.

"రాసుకో," అన్నాడు సర్దార్. రాసుకున్నాను.

నమోదు 130. బయాప్సీ

నాయిన ముంగాలు నల్లబడింది. డాక్టరమ్మ పుండు అంచు నుంచి గోరంత ముక్క కోసి సూక్ష్మదర్శిని కింద చూసింది. బయాప్సీ అంటే బతికున్న ఒంటిని చూడటం అని సార్ చెప్పారు. నన్ను కూడా చూడమంది. గులాబీ రంగు చారలు కనిపించాయి. వాటి మధ్య ఏమీ లేని చోట్లు ఉన్నాయి. ఆ ఏమీ లేని చోట్లే చూపించింది.

"సగం మందు మింగితే పురుగు సావది, గట్టిపడతది," అంది. "ఇప్పుడు మాత్రలు పని చేయవు. సూదులు పొడవాలె. కాలు తీసేయాలె. రెండూ చేస్తే బతికే ఆశ ఉన్నది."

నాయిన మంచం మీద నుంచి అడిగాడు. "సూది మందు ఒంట్ల ఎన్నొద్దులుంటది?"

"ఎందుకన్నా?"

"ఎందుకో చెప్త, ముందు చెప్పు."

"కొన్ని రోజులు. బతికుంటే ఒళ్లే బయటికి పంపిస్తది."

"సూదులు పొడిచినంక నేను సచ్చిపోతే?"

డాక్టరమ్మ నా వైపు చూసింది. నేను పెట్టించిన నియమం కాబట్టి నేనే చెప్పాలి.

"కడుపులకు పోనియ్యరు," అన్నాను.

"అయితే సూది వద్దు," అన్నాడు నాయిన. "ఇప్పటికి మాత్ర బంద్ చేసి నాలుగొద్దులయింది. ఇట్లనే ఉంటే శుద్ధంగ పోత."

అమ్మ ఆయన కాలి మీద దుప్పటి సరిచేసింది.

నమోదు 131. సింబయాసిస్

ఉదయం నుంచి సాయంత్రం దాకా దవాఖానాలో నాయిన దగ్గరే కూర్చున్నాను. చక్రం ఎల్లక్క కొడుకు తిప్పాడు. జ్వరం ఎక్కువగా ఉన్నా నాయిన మాట తడబడలేదు.

"మా అవ్వ అండ్లనే ఉన్నది. మా నాయిన అండ్లనే. నేను సంపిన దాంట్లకు నేను పోకుంటె ఎట్ల? నా ఒళ్లు పెట్టి జెరంతన్న తీరుస్త."

"నువ్వు సస్తే అది లేవది నాయినా. బతికి చక్రం తిప్పితే లేస్తది."

"ఒంటికాలుతోనా?"

"కూసోని తిప్పు."

"పైన పూడుస్తరు నన్ను. ఎండల. నా మీద మట్టి. నా గ్యాస్‌తోని ఎవరి పొయ్యి మండది. అది ప్రాణం పోవుడు గాదు బిడ్డా, బతుకు పోవుడు. మీ సారు గూడ గదే చెప్పిండంటివి."

సార్ చెప్పిన మాట నేనే ఒకప్పుడు ఇంటికి తెచ్చి ఆయనకు చెప్పాను. అది మంచం మీద ఉన్న మనిషి నోటి నుంచి తిరిగి వస్తుందని అనుకోలేదు. జవాబు వెతికాను. సింబయాసిస్ అంటే కలిసి బతకడం. కడుపు మనల్ని తింటుంది, మనం కడుపును తింటాం. ఆయనకు ఇది నాకంటే బాగా తెలుసు. చెప్పలేదు.

ఇంకొకటి తోచింది.

"మందు ఎండకు విరుగుతది," అన్నాను. "అన్ని మందులు గాదు. కొన్ని. డాక్టరమ్మ మందు డబ్బను చల్లగ ఎందుకు పెడుతది? వేడికి మందు బలం పోతది కాబట్టి."

"అయితే?"

"నువ్వు పోతే నిన్ను పూడ్చం. పైన రేకుల మీద పెడుతం. ఎండుతవ్. అప్పుడప్పుడు జెర గీకి సీసల ఏస్త. చెయ్యి లేచిననాడు మందు పోయినట్టు. అప్పుడు కిందికి తెస్త, కడుపులకు పంపుత."

ఆయన కళ్లు మూసుకున్నాడు. నిద్రపోయాడనుకున్నాను.

"లేస్తదా చెయ్యి?"

"తెల్వదు. పరీక్ష చేయలే ఇంత దాంక."

"తెల్వదంటున్నవా?"

"తెల్వదు."

కళ్లు తెరిచి నన్ను చూశాడు. "లేస్తదని అంటివంటె నమ్మకపోతుంటి," అన్నాడు. "సర్దార్‌ను పిలువు. ఆయన ముంగట చెప్పు."

సర్దార్ వచ్చి మంచం పట్టె మీద కూర్చున్నాడు. చెయ్యి లేస్తేనే, అది తాను కళ్లారా చూస్తేనే నియమం సడలిస్తానన్నాడు. పుండ్లున్న అందరికీ ఇదే వర్తిస్తుందన్నాడు. నాయిన డాక్టరమ్మ వైపు తిరిగాడు.

"సూది పొడువు, కాలు కొయ్యి. గని మోకాలు ఉంచు."

"ఎందుకు?"

"సంచి కొలవొద్దా?"

"ఇంకో మోకాలున్నది గద అన్నా."

"అలవాటు దీనితోని."

డాక్టరమ్మ నవ్వింది. ఆ వారంలో నవ్వు వినడం అదే.

నమోదు 133.

డాక్టరమ్మ మోకాలు ఉంచింది. దాని కింద తీసేసింది. నేను దీపం పట్టుకున్నాను. చెయ్యి కదలకుండా పట్టుకోమంది. కదలలేదు.

కాలిని గోనెపట్టాలో చుట్టి నా చేతుల్లో పెట్టింది. పొద్దు వాలాక వాలు దారి ఎక్కాను. బరువు మేకపిల్లంత. నియమం నాదే కాబట్టి ఇంకెవర్నీ మోయమని అడగలేదు. అమ్మ మూడో మలుపు దాకా వచ్చి, అక్కడ గాలి వేడెక్కాక ఆగిపోయింది.

పైన పాత ఆఫీసు కప్పు రేకులు ఇంకా కాలుతున్నాయి. పట్టా విప్పి, కాలిని ఇనుప తీగతో దూలానికి కట్టాను. బొటనవేలి గోరు కింద బొగ్గు ఉంది. ఎంత కడిగినా పోని బొగ్గు, మా అందరికీ ఉంటుంది. పక్షులు లేవు కాబట్టి కాపలా అవసరం లేదు.

ఏడుపు వస్తుందని కాసేపు నిలబడ్డాను. రాలేదు. కిందికి దిగి సంచి చూశాను. మోకాలికి రెండు వేళ్ల పైన.

నమోదు 140. బయోగ్యాస్

మేకల పెంటికలు, మందు మింగనివాళ్ల ముద్దలు తప్ప ఇంకేమీ వేయడం లేదు. పంకా పగటిపూట మాత్రమే నడుపుతున్నాం. రాత్రిళ్లు అందరూ వాలు దారిలో వరసగా పడుకుంటున్నారు. పెద్ద బాయి నుంచి ఇద్దరు మనుషులు కావడితో వాళ్ల కడుపులోని నీళ్లు, బతికున్న జీవులతో సహా, నాలుగు డబ్బాలు తెచ్చి ఇచ్చారు. జేకబ్ సార్ పంపారట. మూతల మీద ఆయన చేతిరాతతో ఒకే మాట ఉంది. బతుకు.

సంచి మోకాలి దగ్గరే ఆగింది. దిగలేదు.

ఎల్లక్క కోడలు చనిపోయింది. చెయ్యి లేచేదాకా ఆమె కూడా రేకుల మీదే. ఎల్లక్క ముద్ద కుండ ఇస్తూ నా చేతిని కొంచెంసేపు వదలలేదు.

నమోదు 151.

సంచి తొడ దగ్గర. నాయిన లేచి కూర్చుంటున్నాడు. పొయ్యి మంట అంచున నీలం కనబడిందని అమ్మ వచ్చి చెప్పింది. వెళ్లి చూశాను. కనబడింది.

నమోదు 163. ఆంఫిబియన్

వాన పడింది. నాలుగు రోజుల కింద పై నుంచి కాలు ముక్క గీకి తెచ్చి సీసాలో వేశాను. చెయ్యి లేవలేదు.

ఈ రోజు పైన రేకులు చూసి దిగుతుంటే వాలు దారి మొదట్లో ఒక కప్ప కనిపించింది. పుస్తకంలో తప్ప చూడలేదు. ఆంఫి అంటే రెండు వైపులా. రెండు బతుకులది. దోసిట్లో పట్టుకుని నాయినకు చూపించాను.

"నీళ్లల్ల ఉంటది, పైన గూడ ఉంటది," అన్నాను.

"దీనికి పంకా అక్కరలేదన్నట్టు," అన్నాడు. వేలితో దాని వీపు తాకాడు. "ఇడిసిపెట్టు. దాని తావుకు పోనీ."

నాయిన ఇప్పుడు పీట మీద కూర్చుని చక్రం తిప్పుతున్నాడు. సంచి కొలిచేటప్పుడు కర్ర పట్టుకుని లేస్తాడు. విరిగిన ఊచ మార్చాం.

నమోదు 177.

చెయ్యి లేవలేదు. రెండు వేళ్లు మాత్రం కొంచెం నిండాయి. ఎల్లక్క రోజూ వచ్చి ఆ సీసాను చూసి పోతోంది.

నమోదు 190. బయోఅస్సే

చెయ్యి లేచింది.

ఐదు వేళ్లూ. సర్దార్‌ను పిలిచాను. ఆయన వేళ్లను ఒక్కొక్కటీ ఒత్తి చూశాడు. ఎల్లక్క సీసా ముందు నేల మీద కూర్చుంది. ఆమె కోడలి సీసా పక్కనే ఉంది. అందులో ఇంకా లేవలేదు. ఆమె ఎండింది తక్కువ కాలం.

"దీనిది లేస్తే దానిది గూడ లేస్తది గద," అంది.

"ఇంకో సీస కడుత," అన్నాను. "లేచేదాంక కడుత."

నమోదు 191. బయోగ్రఫీ

కాలిని కిందికి తెచ్చాను. ఎండి, కట్టెలా తేలికగా ఉంది. నాయిన ఒళ్లో పెట్టుకుని కాసేపు చూశాడు. తర్వాత తానే కడుపు తూములోకి జార్చాడు. చక్రం తానే తిప్పాడు.

బియ్యం వండాలా వద్దా అని ఇంట్లో వాదన వచ్చింది.

"మనిషి కూసోని ఉండంగ ఎట్ల పెడుతరయ్యా? అరిష్టం," అంది అమ్మ.

"మనిషికి పెట్టకు. కాలుకు పెట్టు. దాని వంతు ఎంతో గంతే వండు."

అమ్మ గ్లాసుడు బియ్యం వండింది. అన్నిటికంటే మొదట మా పొయ్యి వెలిగించారు. నీలంగా మండింది. బాయి మొత్తానికీ పది మెతుకుల చొప్పున కూడా రాలేదు. అయినా అందరూ వచ్చి చెయ్యి చాపారు. మొదట ఎల్లక్కకు పెట్టమన్నాడు నాయిన.

"అన్నం పలుకు మీదున్నది ఓదెలన్నా. కాలు గట్టిది," అంది ఆమె.

పేరు చెక్కడం నా పని. బొగ్గు గోడ దగ్గర ఉలి పట్టుకుని నాయినను అడిగాను, ఏం చెక్కమంటావని. మొత్తం పేరు చెక్కడానికి లేదు, చెక్కకుండా ఉండడానికీ లేదు. బయోగ్రఫీ అంటే బతుకు రాత అని సార్ రాయించారు. సగంలో ఉన్నది ఎలా రాయాలో రాయించలేదు.

"కాలుకు ఎంత వస్తదో గంత చెక్కు," అన్నాడు.

మొదటి అక్షరం ఒక్కటే చెక్కాను. ఓ. ఆయన కర్ర ఆనించుకుని లేచి, దాని మీద వేలు తిప్పాడు. చదవడం రాదు కాబట్టి వేలితోనే చూశాడు, చుట్టూ రెండుసార్లు.

"ఇది నేనేనా?"

"మొదలు."

పక్కన ఖాళీగా వదిలిన చోటును జానతో కొలిచాడు.

"జాగ మంచిగనే ఉన్నది," అన్నాడు. కర్ర గోడకు ఆనించి, పీట లాక్కుని చక్రం ముందు కూర్చున్నాడు. "సంచి ఎంతున్నదో చూడు బిడ్డా."

ఆయన లేవలేదు కాబట్టి ఈసారి నేనే పక్కన నిలబడి కొలిచాను. నా భుజం దాకా ఉంది.